నాలుగో అడుగులో వచ్చే మొహం

శ్రీవారికి,

నమస్కారం. మొగుడికి రాసే ఉత్తరం నమస్కారంతో మొదలవ్వాలని మా అమ్మ నేర్పింది కాబట్టి పెడుతున్నాను, మనసులోంచి పొంగుకొచ్చిందని పొరబడకండి. ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్య క్షేమం, మీ చెల్లెలు క్షేమం, వంటింటి గోడ మీది బల్లి కూడా క్షేమం. మీరూ క్షేమంగానే ఉండాలి. ఎందుకంటే ఈ ఉత్తరం చివరిదాకా చదవాలంటే ఒంట్లో కాస్త సత్తువ కావాలి. కూర్చుని చదవండి. పక్కన మంచినీళ్లు పెట్టుకోండి.

ఫోన్ చేస్తే పోయేదానికి ఇంత రాత ఎందుకని అనుకుంటారేమో. చేశాను కదా. మీరు ఊఁ అంటారు, ఆఁ అంటారు, నేను అసలు విషయానికి వచ్చేసరికి "మాట తెగుతోందే, వినబడట్లేదు" అంటారు. ఇన్నేళ్ల కాపురంలో మీకు నా మాట ఎప్పుడు తెగుతుందో, ఎప్పుడు తెగదో నాకు బాగానే తెలుసు. పైగా మీ పని హాల్లో ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారట, అక్కడ జరిగేది రహస్యమట. ఉత్తరమైతే ఎదురు మాట్లాడదని మీరే ఉత్తరాలు మొదలుపెట్టారు. మంచి పనే చేశారు. ఉత్తరానికి మధ్యలో అడ్డుపడటం మీవల్ల కూడా కాదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. నా భుజం నొప్పి ఎలా ఉందన్నారు. ఉన్నచోటే ఉంది. డాక్టరు గాజుబల్ల మీదకి వంగొద్దన్నాడు. వంగకుండా బొమ్మలెలా గీస్తారండీ అంటే, "అది నాకేం తెలుసమ్మా, నేను డాక్టర్ని" అన్నాడు. కారే పైకప్పు సంగతి అడిగారు. మేస్త్రీ వచ్చాడు, పైకి చూశాడు, తల ఊపాడు, టీ తాగాడు. ఇప్పుడు కారేచోట కారడం లేదు, కారనిచోట కారుతోంది. అత్తయ్యకి కంట్లో చుక్కలు వేస్తున్నావా అన్నారు. రెండు పూటలా వేస్తున్నాను. మీకన్నా ఆవిడకే చూపు బాగుంది.

ఇక నాలుగో ప్రశ్న. "మిషను గీసిన మనుషులు బాగానే నడుస్తున్నారు గానీ, నడుస్తూ నడుస్తూ ఉండగా రెప్పపాటులో ఎవడిదో మొహం వచ్చి పోతోంది. పెద్ద ముక్కు, వేలాడే కింది పెదవి, నిద్రకళ్లు. ఇక్కడి కంప్యూటరు కుర్రాళ్లు మిషనంతా గాలించారు, ఎక్కడినుంచి వస్తోందో అంతు చిక్కలేదు. మీ గదిలో ఎవరికైనా తెలుసేమో కనుక్కో" అని రాశారు. కనుక్కున్నాను. తెలుసు. కానీ ఆ జవాబు ఇప్పుడే ఇవ్వను. మీరు నా దగ్గర నెలల తరబడి ఒక సంగతి దాచారు. నేను నాలుగు కాగితాల పాటు ఒకటి దాచుకుంటే కొంప మునగదు.

నాకు కోపంగా ఉంది. మామూలుగా నా కోపం మీకు తెలుసు. పాలు పొంగినట్టు పొంగుతుంది, ఒకసారి చెంచాతో తిప్పితే దిగుతుంది. ఇది ఆ కోపం కాదు. ఇది రాజుకుని లోపల్లోపలే కాలుతున్న పొట్టు. వరసగా చెబితేగానీ నాకే అర్థమయ్యేలా లేదు, అందుకని మీకు తెలిసినవి కూడా మళ్లీ రాస్తాను. ఓపిక పట్టండి.

మన పనేమిటి. బొమ్మల సినిమాలో ఒక మనిషి చెయ్యి ఎత్తాలంటే, దించి ఉన్న చెయ్యి ఒక బొమ్మ, ఎత్తిన చెయ్యి ఒక బొమ్మ మీరు గీస్తారు. మీరు మాస్టారు. ఆ రెంటికీ మధ్యలో చెయ్యి ఎక్కడెక్కడినుంచి వెళ్తుందో ఆ బొమ్మలన్నీ మా గదిలో ఆరుగురు ఆడవాళ్లం గాజుబల్ల కింద దీపం వెలిగించుకుని, కాగితం మీద కాగితం వేసుకుని గీస్తాం. మీవి అసలు బొమ్మలు, మావి మధ్య బొమ్మలు. పేరులోనే ఉంది మా బతుకు. ఆ పైన కాగితాలన్నీ స్కానరులోకి వెళ్తే, రంగులు మీ చెల్లెలు కంప్యూటర్లో వేస్తుంది. ఇన్నాళ్లూ కంప్యూటరు మా దగ్గరికి వచ్చింది అక్కడిదాకానే. ఇప్పుడు మధ్య బొమ్మలు కూడా అదే గీస్తుందని, దానికి నేర్పడానికి ఒక అనుభవజ్ఞుడు కావాలని మిమ్మల్ని ఊరు కాని ఊరు పంపించారు. నేను సంతోషంగానే పెట్టె సర్దాను. గుర్తుందా, మీ సాక్సుల్లో కీచుమనే రబ్బరు బొమ్మ కూడా పెట్టాను. అంటే అప్పటికి నాకు మీ మీద కోపం లేదన్నమాట.

పోయిన వారం ఓనరుగారు మా గదికి వచ్చారు. ఆయన మా గదికి వస్తే ఏదో మూడిందనే అర్థం. చేతిలో పలక లాంటి కంప్యూటరు. "చూడండమ్మా, మీ మాస్టారు అక్కడ అద్భుతం చేశారు. మొదటి బొమ్మ, ఆఖరి బొమ్మ ఇస్తే చాలు, మిగతాదంతా మిషనే" అని బల్ల మీద పెట్టారు. ఆరుగురం చుట్టూ మూగాం. ఒక తోటమాలి, చేతిలో నీళ్లడబ్బా, నడుస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు అడుగులు వేశాడు. నాలుగో అడుగులో, చటుక్కున, ఆ మొహం. మళ్లీ తోటమాలి. మళ్లీ నాలుగడుగులకి ఆ మొహం. తర్వాత ఒక పిల్లి గోడ మీద నడిచింది, దానికీ అదే ముక్కు. తర్వాత పోలీసువాడు. ఆఖర్న ఉయ్యాల్లో ఉన్న పసిపిల్ల కాళ్లు ఆడించింది, ఆ బంగారుతల్లికీ అదే ముక్కు, అదే పెదవి.

మా గొణుగుడక్క, ఎప్పుడూ పెదవి విప్పకుండా గొణిగే ఆ మనిషి, చెంగు నోట్లో కుక్కుకుంది. పక్కనున్న రబ్బరమ్మ, రోజుకో రబ్బరు పోగొట్టుకునే మనిషి, బల్ల కిందకి వంగి పడని రబ్బరు వెతకడం మొదలుపెట్టింది. నేనైతే కళ్లు తుడుచుకుంటున్నాను.

"ఏంటమ్మా నవ్వుతున్నారు?"

"ఏం లేదండీ, తోటమాలి భలే నడుస్తున్నాడు."

"ఆ మొహమొక్కటే అడ్డంగా ఉంది. అది పోతే ఇంక తిరుగుండదు."

"పోతుందంటారా?" అని అడిగింది రబ్బరమ్మ, బల్ల కిందినుంచే.

నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాక, ఆ నవ్వు మధ్యలో నాకు ఒక ప్రశ్న తగిలింది. ఆ మొహం మిషనుకి ఎలా తెలిసింది? ఆ మొహమున్న కాగితాలు మిగిలింది లోకంలో ఒక్కచోటే. మన మంచం కింద ట్రంకు పెట్టెలో.

ఇంటికొచ్చి మంచం కిందకి దూరాను. పెట్టె లేదు. నాలుక కరుచుకున్నాను, ఉండదు కదా. మీరు వెళ్లేటప్పుడు "ఇక్కడ చెమ్మ, కాగితాలు బూజు పడతాయే, అక్కడ ఆఫీసులో పొడిగదిలో భద్రంగా పెడతాను" అని పట్టుకెళ్లారు. ఎంత ముద్దుగా చెప్పారు. నేనే తాడు కట్టి ఇచ్చాను. ఆటోలోకి ఎక్కించేటప్పుడు "జాగ్రత్తండీ, తలకిందులు చెయ్యకండి" అని పసిబిడ్డని అప్పగించినట్టు అప్పగించాను. దొంగ చేతికి తాళాలిచ్చి, తలుపు కూడా నేనే తీసి పట్టుకున్నాను.

ఆ పెట్టెలో ఉన్నది ఎవరి పనండీ? మీ అసలు బొమ్మలు ఆఫీసు బీరువాలో ఉంటాయి, వాటికి అట్టలు, ముద్రలు, గౌరవం. సినిమా అయిపోగానే కంప్యూటర్లో ఉన్నవి చెరిపేసి, మా మధ్య బొమ్మలు కట్టలు కట్టి చిత్తుకాగితాలవాడికి పడేసేవారు. బండి ఎక్కించేలోపల పరిగెత్తి, వాడితో గొడవపడి, నావి నేను ఏరి తెచ్చుకునేదాన్ని. అందరూ నవ్వేవారు. మీరూ నవ్వారు. "ఈ చెత్తెందుకే" అన్నారు. అదే చెత్త ఇప్పుడు మిషనుకి పాఠ్యపుస్తకమైంది. దానికి నేర్పింది మాస్టారట. ఎనిమిదో క్లాసు దాటని నాకు కూడా తెలుస్తోంది, ఆ బడిలో పంతులెవరో.

అడిగి ఉంటే ఇచ్చేదాన్నా? ఏమో. తిట్టేదాన్ని, రెండు రోజులు మాట మానేసేదాన్ని, తర్వాత నేనే ఏవి ఇవ్వాలో ఏవి వద్దో ఏరి ఇచ్చేదాన్నేమో. కానీ అడగలేదు. నా చెయ్యి నా భుజానికే ఉంది గానీ, దాని పనంతా మీ సంతకం కింద పోయింది.

ఇది ఒక కోపం. రెండోది ఇంతకన్నా పెద్దది.

మీ ఉత్తరంలో ఒక ముక్క రాశారు, చాలా తేలిగ్గా, వాతావరణం బాగుందని రాసినట్టు. "కుర్రాళ్లు చాలా చురుకు. మిషనుకి పెట్టేముందు పాడైపోయిన బొమ్మలన్నీ ఏరి పారేశారు, నాలుగోవంతు బరువు తగ్గింది" అని. పాడైపోయినవేమిటండీ? నా పెట్టెలో పాడైపోయిన బొమ్మ ఒక్కటి లేదు. వాళ్లు పారేసినవి ఏవో నాకు తెలుసు. సాగదీత బొమ్మలు.

ఒక మనిషి గిర్రున తల తిప్పితే, మధ్యలో ఒక బొమ్మలో ఆ మొహం లాగిన రబ్బరులా సాగుతుంది. కళ్లు నాలుగుంటాయి, నోరు చెవిదాకా జారుతుంది. ఆ కాగితం విడిగా పట్టుకుని చూస్తే పిల్లలు జడుసుకుంటారు. అన్నిటితో కలిపి పరిగెత్తిస్తే ఆ తల నిజంగా తిరుగుతుంది. "విడిగా చూస్తే దెయ్యం, కలిపి చూస్తే ప్రాణం" అని నాకు చెప్పింది ఎవరు? నా పక్కన నిలబడి, నా పెన్సిలు లాక్కుని, "ఇంకా లాగు, భయపడకు, ఇంకా లాగు" అన్నది ఎవరు? కొత్తలో నేను సరిగ్గా సాగదియ్యలేకపోతే నా బుగ్గ పట్టుకుని లాగి చూపించారు. గొణుగుడక్క అప్పుడు దగ్గి బయటికి వెళ్లిపోయింది.

ఆ కుర్రాళ్లని నేను ఒక్క మాట అనను. వాళ్లకి తెలియదు. నాలుగు కళ్లున్న మొహం కనబడితే పాడైందనుకోవడం వాళ్ల తప్పు కాదు. మీకు తెలుసు. మీరు అక్కడే కూర్చుని ఉన్నారు. ఒక్కొక్క కాగితం బుట్టలోకి పోతుంటే చూస్తూ ఉన్నారు, నోట్లో నాలుక ఉంచుకుని. ఎందుకు మాట్లాడలేదు? ముసలాయన అడ్డుపడుతున్నాడు, పాతకాలపు మనిషి అంటారని. ఆ భయం కోసం మీకు తెలిసిన ఒకే ఒక్క మంచి విద్యని బుట్టలో పోయించారు. అందుకే ఆ తోటమాలి చీపురుకట్ట మింగినట్టు నడుస్తున్నాడు. ఓనరుగారికి అద్భుతంగా ఉంది. ఆయనకి గోడ మీద క్యాలెండరు కదిలినా అద్భుతమే.

ఈ సంగతంతా మీ చెల్లెలితో చెప్పి మిషన్ని నానా మాటలూ అన్నాను. ఆమె ఊరుకోలేదు. కంప్యూటరు రాకముందు రంగుల గదిలో ఆమె ఎన్నేళ్లు పనిచేసిందో మీకు నేను చెప్పాలా. పారదర్శకంగా ఉండే పలకల మీద కుంచెతో రంగులు నింపడం, ఆ వాసనకి తలనొప్పి, గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎరుపో పసుపో.

"వదినా, మిషన్ని తిడితే మాత్రం నేనొప్పుకోను" అంది. "కంప్యూటరు వచ్చాకే నేను రెండు కళ్లతో ఇంటికి వెళ్తున్నాను. పలక మీద చెయ్యి తగిలితే రోజు పని పోయేది. ఇప్పుడు తప్పు పోతే వెనక్కి తిప్పుకుంటాను."

"మీ గదిలో ఎంతమంది ఉండేవారు, ఇప్పుడెంతమంది ఉన్నారు?"

"అది మిషను చేసిందా? మిషనుకి లెక్కలు వస్తాయి గానీ, మనుషుల్ని ఇంటికి పంపే సంతకం పెట్టడం రాదు. ఆ సంతకం పెట్టే చేతికి వెళ్లి చెప్పుకో."

"ఆ చెయ్యి మీ అన్నయ్య భుజం తడుతోంది ప్రస్తుతం."

"అయితే ముందు మా అన్నయ్యని తిట్టు. నాకేం అభ్యంతరం లేదు" అంది. అని, "పనిలో పనిగా, నా మీద కూడా కోపముంటే చెప్పు. మొన్న సీనులోని దొంగ చొక్కా భుజం దగ్గర గీతలో సూదిబెజ్జమంత ఖాళీ వదిలావు. ఒక్క నొక్కు నొక్కితే నీలం రంగంతా కారి ఆకాశం, ఇల్లు, ఆవు అన్నీ నీలమైపోయాయి. కావాలనే కదా?" అంది.

కావాలనే. గీత అతకకపోతే కంప్యూటర్లో రంగు వరదలా పారుతుంది, ఆ వరద చూడ్డం నాకు సరదా. కానీ ఒప్పుకోలేదు. ఆమె చెప్పిందాంట్లో నిజముంది. మీ మిషను రోజూ గాజుబల్ల మీద నా బదులు వంగుతానంటే నా భుజానికి అభ్యంతరం లేదు. నాకు పడనిదల్లా, నేను గీసింది నాకు చెప్పకుండా తీసుకెళ్లి, దాంట్లో జీవం తీసి పారేసి, మిగిలిన ఎముకలు నా ముందే పెట్టి, చూడమ్మా అద్భుతం అనడం.

ఇక మూడోది. ఇది రాయబోయి ఇప్పటికి రెండుసార్లు కలం పక్కన పెట్టాను.

నిన్న ఓనరుగారి గదికి వెళ్లాను. పిలవకుండానే వెళ్లాను. "ఆ మిషను నేర్చుకున్న బొమ్మలు నావండీ" అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "అలాగా, మంచిదే కదమ్మా. అయితే ఆ మొహం ఎక్కడెక్కడ ఉందో నువ్వే ఏరెయ్యగలవు" అన్నారు. ఏరగలిగేది నేనొక్కదాన్నే, అది నిజం. ఒక్క బొమ్మలో మొహం మార్చేస్తే కుర్రాళ్లకి ఎప్పుడో దొరికేది. నేనలా చెయ్యలేదు. ముందు బొమ్మలో ముక్కు గింజంత పెంచి, తర్వాతి దాంట్లో ఇంకాస్త, ఆ తర్వాత పూర్తి మొహం, మళ్లీ మెల్లగా తగ్గిస్తూ దించేశాను. ఏ కాగితం విడిగా తీసినా చక్కగా, శుభ్రంగా ఉంటుంది. అందుకే ఏరివేతలో అవన్నీ నిలిచిపోయాయి. నిజమైన బొమ్మలు బుట్టలోకి పోయాయి, నా అల్లరి మాత్రం మొదటి బెంచీలో కూర్చుంది. మిషను పాపం నడక అంటేనే అలా అనుకుంది.

చూశారా, మాటల్లో నోరు జారాను. సరే, ఆ మొహం గీసింది నేనే. ఎవరిదన్నది మాత్రం ఇంకాసేపు ఆగండి, ఓనరుగారి మాట పూర్తి కావాలి.

"అది ఏరేస్తే వచ్చే నెలాఖరుకి మిషను మీ గదిలో పెట్టేస్తాం. అప్పుడు ఇద్దరు చాలు, పైన చూసుకోవడానికి. మిగతావాళ్లకి ఏదో ఒకటి చేస్తాంలే" అన్నారు.

"ఆ ఇద్దరిలో నేనున్నానా అండీ?"

ఆయన నావంక వింతగా చూశారు. "అదేంటమ్మా, నువ్వు మానేస్తున్నావు కదా. మాస్టారు ఎప్పుడో చెప్పారు. అక్కడ ఇల్లు కూడా ఇచ్చాం, నువ్వు వెళ్లిపోతావని."

నేనేం చేశానో తెలుసా? నేను, ఇంత నోరున్నదాన్ని, తల ఊపి బయటికొచ్చాను. గదిలోకి వచ్చాక రబ్బరమ్మ "ఏమైందే, అలా ఉన్నావు" అంటే "మంచినీళ్లు" అన్నాను. నా పని నేను మానేసినట్టు నాకు పరాయివాడు చెప్పాడు. పెట్టె అడగకుండా తీసుకెళ్లారు, సరే, కాగితాలు. నా బల్ల కూడా అడగకుండా ఇచ్చేశారు. "పని మానేసి వచ్చెయ్యవే, భుజానికి విశ్రాంతి" అని మీరు ఎంతో ప్రేమగా రాసిన ముక్క అప్పటికే ఖాయమైపోయిన బేరమని నాకేం తెలుసు. ఆ ఉత్తరం చదివి నేను సిగ్గులేకుండా కొత్త ఇంట్లో కిటికీ ఏ వైపు ఉంటుందో అని ఆలోచించాను కూడా. అందుకు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

ఇప్పుడు మీ నాలుగో ప్రశ్నకి జవాబు.

అది మీ మొహం.

లేచి అద్దం దగ్గరికి వెళ్లకండి, అద్దంలో కనబడదు. అద్దంలో మనిషి ఎదురుగా చూసుకుంటాడు. అది పక్కనుంచి. పక్కనుంచి మీరెలా ఉంటారో మీకేం తెలుసు? నాకు తెలుసు, నేనుండేది అక్కడే. మీ ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో, నిద్రొస్తే కింది పెదవి ఎంత వేలాడుతుందో కళ్లు మూసుకుని గీస్తాను. కుర్రాళ్లు మిమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారని, వయసు పొగరని రాశారు. పొగరు కాదు, పాపం మర్యాద. ఓనరుగారు ఎందుకు గుర్తుపట్టలేదంటారా? ఆయన ముందు మీరెప్పుడూ వంగే ఉంటారు, ఆయనకి మీ నడినెత్తి తప్ప ఏం తెలుసు.

మొన్న మీ చెల్లెలు ఆ తోటమాలిని తన ఫోనులోకి ఎక్కించుకుని తెచ్చి అత్తయ్యకి చూపించింది. నాలుగో అడుగు పడిందో లేదో, ఆవిడ "వీడెప్పుడొచ్చాడే, భోంచేశాడా?" అంది. చుక్కల మందు వేసుకునే కళ్లు.

మొదటిది మన పెళ్లయిన కొత్తలో. మీరిచ్చిన సీనులో ఒక గుర్రబ్బండివాడు. వాడికి రెప్పపాటు మీ మొహం పెట్టాను. సాయంత్రం కాగితాలు తిప్పి చూస్తారు, పట్టుకుంటారు, నా జడ లాగుతారు అని రోజంతా ఎదురుచూశాను. మీరు మొదటి బొమ్మ చూశారు, చివరి బొమ్మ చూశారు, "బాగుంది" అన్నారు. మధ్యలోవి చూడలేదు. సరే, ఈసారి కాకపోతే ఇంకోసారి అనుకున్నాను. తర్వాతి సీనులో ఇంకాస్త పెద్ద ముక్కు. తర్వాత ఆవలింత. తర్వాత తుమ్ము. మీరిచ్చిన ఏ సీనునీ వదల్లేదు. మా గదిలో అందరికీ తెలుసు. "ఇవాళ మాస్టారు ఏ వేషంలో ఉన్నారే" అని గొణుగుడక్క రోజూ అడిగేది. సినిమా హాల్లో మనం పక్కపక్క సీట్లలో కూర్చుని చూసినప్పుడు, మీ మొహం తెర నిండా వచ్చి పోయినప్పుడు మిమ్మల్ని పొడిచాను. "మోచెయ్యి తియ్యి, తగులుతోంది" అన్నారు మీరు. మీరు మీ అసలు బొమ్మలు ఎలా వచ్చాయో చూసుకుంటున్నారు.

అల్లరిగానే మొదలుపెట్టాను. ఎప్పుడు అల్లరి కాకుండా పోయిందో చెప్పలేను. మీరు ఒక్కసారి నా బొమ్మలు తిప్పి చూసి ఉంటే ఆ రోజుతో ఆ ఆట అయిపోయేది. ఇరవయ్యేళ్ల పైచిలుకు చూడలేదు. చూసింది ఎవరంటే ఆ మిషను. తన ముందు పెట్టినవాటిలో ఒక్క కాగితం వదలకుండా, ఒక్కొక్క గీతా చూసింది. దాని మీద నాకు కోపం ఎలా వస్తుంది చెప్పండి. నా మొగుడు చెయ్యాల్సిన పని అది చేసింది.

ఆ మొహాలు ఏరతావా అని ఓనరుగారు మళ్లీ కబురు పెట్టారు. మీరున్న ఊళ్లో మిషన్ని చూపించే ప్రదర్శన రోజు చెబుతానన్నాను. బయటినుంచి సినిమా కొనేవాళ్లు వస్తున్నారట, మా గదివాళ్లు కూడా వచ్చి చూడొచ్చన్నారు, ఆరుగురం రైలెక్కుతున్నాం. తనని కిటికీ దగ్గర కూర్చోబెట్టమని గొణుగుడక్క ఇప్పటినుంచే గొడవ.

మీ మనసులో మాట నాకు తెలుసు. ముందే వచ్చి ఆ నాలుగు కాగితాలు తీసెయ్యవే, పరువు దక్కుతుంది అంటారు. తియ్యను. ఆ రోజు ఆ తోటమాలి అలాగే నడుస్తాడు, నాలుగో అడుగులో మీరు అలాగే వస్తారు, వచ్చిన పెద్దమనుషులు ఇదెవరని అడుగుతారు. అప్పుడు మీరు రెండు రకాలుగా మాట్లాడవచ్చు. మిషనులో ఏదో లోపమండీ, సరిచేస్తాం అనవచ్చు. అలా అంటే ఇల్లు మీది, మిషను మీది, ఇద్దరూ హాయిగా ఉండండి, నేను ఎదురు చెప్పను. తిరుగు రైల్లో ఆరుగురం వచ్చేస్తాం. ఎన్నాళ్లు ఉంటుందో తెలియని నా బల్ల ముందు, ఉన్నన్నాళ్లు కూర్చుంటాను. అది పోతే ఇంకో బల్ల వెతుక్కుంటాను. మిషను గీసే ప్రతి సినిమాలోనూ మీరు నడుస్తూనే ఉంటారు.

లేదా లేచి నిలబడి, ఆ మొహం నాది, గీసింది నా భార్య, ఈ మిషను నేర్చుకున్నదంతా ఆవిడ చేతిదే, అడగకుండా తెచ్చాను, పారేసినవి తిరిగి పెట్టాలి అనవచ్చు. అది అనడానికి మీకు ఎంత కష్టమో నాకు తెలుసు. అంటే గనక ఆ సాయంత్రమే చీర కొంగు బిగించి కూర్చుని ప్రతి మొహం ఏరేస్తాను. మిగిలింది ఓనరుగారితో మేం ఆరుగురం మాట్లాడుకుంటాం, మీరు మా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.

మీరు మాస్టారు కాబట్టి ముందు వరసలో కూర్చోబెడతారు. నేను మీ వెనక వరసలో ఉంటాను. ఈసారి పొడవను, దగ్గను, ఒక్క మాట మాట్లాడను. దీపాలు ఆర్పాక తోటమాలి నడవడం మొదలుపెడతాడు. మీరు వెనక్కి తిరిగి నావైపు చూస్తారో లేదో చూడ్డానికే నేను అంత దూరం వస్తున్నాను.

ఇట్లు,
ఇంకా పని మానెయ్యని
మీ ఇంటావిడ